చోరుడెవరు, చౌకీదారెవరు?

తెలుగులో సరిహద్దు అంటాం. ఉర్దూ మీడియంలో మాకు నేర్పింది సర్‌హద్. రెండూ ఒకటే లఫ్జు. ఈ లఫ్జునే పేరుగా పెట్టుకున్న ఇలాకా ఒకటి ఉంది. ఇరాన్‌కు ఆగ్నేయ మూలన, తఫ్తాన్ అనే అగ్నిపర్వతం చుట్టూ ఉన్న బలూచీల గడ్డ అది. ఒక పక్క లూత్ ఎడారి, ఇంకో పక్క నేటి పాకిస్తాన్, పైన అఫ్గానిస్తాన్. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ జరిగిన కథ మన స్కూలు పుస్తకాల్లో లేదు. మన ఇళ్లలో మాత్రం తెలిసి ఉండాలని నా ఖయాల్.

ఎందుకంటే మన పిల్లల ఫోన్లలోకి తారీఖ్ ఇప్పుడు రెండే రకాలుగా వస్తోంది. ఒక రకంలో హద్దు దాటిన ప్రతి ముసల్మానూ స్మగ్లర్, గద్దార్. రెండో రకంలో తెల్లవాడి మీద బందూకు ఎత్తిన ప్రతివాడూ ముజాహిద్. సర్‌హద్ కథ ఈ రెండు డబ్బాల్లోనూ ఇమడదు.

ముందు బందూకుల సంగతి. యుద్ధానికి ముందు పాతికేళ్లపాటు ఆ ప్రాంతానికి ఆయుధాల బజారు మస్కట్. అక్కడ దిగే రైఫిళ్లు బలూచీలు చేసినవి కావు. ఇంగ్లండ్, బెల్జియం, ఫ్రాన్స్ కార్ఖానాల్లో తయారై, యూరప్ వ్యాపారుల చేతుల మీదుగా వచ్చేవి. మస్కట్ నుంచి చిన్న పడవల్లో మక్రాన్ తీరానికి, అక్కడి నుంచి ఒంటెల కాఫిలాల మీద అఫ్గానిస్తాన్‌కు, సర్‌హద్‌కు చేరేవి. తన దేశంలో తయారైన తుపాకీయే తిరిగొచ్చి తన ఫౌజును కాలుస్తోందని అంగ్రేజు హుకూమత్‌కు తెలిసొచ్చాక, 1909 నుంచి సముద్రంలో గస్తీ పెంచింది. మస్కట్‌లో బేపారం తమ హక్కని 1844 నాటి ఒప్పందం చూపించి ఫ్రాన్స్ అడ్డం తిరిగింది. ఆ పేచీ తెగింది 1914లోనే. ఇంత జరిగినా రికార్డుల్లో స్మగ్లర్ అన్న పేరు ఎవరికి మిగిలింది? ఒంటె తోలినవాడికి. కార్ఖానాదారుడు మాత్రం తాజిర్ సాహెబే.

యుద్ధం వచ్చింది. ఇరాన్ తాను ఎవరి పక్షమూ కానని 1914 నవంబర్‌లోనే ప్రకటించింది. ఆ మాటను ఎవరూ ఖాతరు చేయలేదు. అదే నెలలో ఉస్మానీ సుల్తాన్ జిహాద్ ప్రకటించాడు. మన హైదరాబాద్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అంగ్రేజులకే వఫాదార్లుగా ఉండమని ముసల్మానులకు పిలుపునిచ్చారు. 1915లో జర్మన్, తుర్కీ దూతల బృందం ఒకటి ఇరాన్ ఎడారి దాటి కాబూల్ బయలుదేరింది. అఫ్గాన్ అమీర్‌ను యుద్ధంలోకి లాగి, హిందుస్తాన్ మీదికి నడిపించాలన్నది వాళ్ల పథకం. అందులో రాజా మహేంద్ర ప్రతాప్, భోపాల్‌కు చెందిన మౌలానా బర్కతుల్లా ఉన్నారు. వీళ్లనీ, వీళ్ల వెంట వచ్చే ఆయుధాలనీ ఆపడానికి ఇరాన్ తూర్పు అంచు పొడవునా కాపలా గీత గీశారు. ఉత్తరాన రష్యా కొసాక్కులు, దక్షిణాన హిందుస్తానీ ఫౌజు. చరిత్రకారులు దాన్ని ఈస్ట్ పర్షియా కార్డన్ అంటారు. వందల మైళ్ల ఎడారి, అక్కడొకటి ఇక్కడొకటి బావి, ఆ బావుల దగ్గర గుప్పెడు సిపాయిలు. గస్తీ తిరిగినా దూతలు సందు చూసుకుని కాబూల్ చేరనే చేరారు. 1915 డిసెంబర్ 1న అక్కడ హిందుస్తాన్ తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించారు. మహేంద్ర ప్రతాప్ సదర్, బర్కతుల్లా వజీరే ఆజమ్. అమీర్ హబీబుల్లా ఖాన్ మాత్రం మర్యాదలు చేసి, కాలయాపన చేసి, యుద్ధంలోకి దిగకుండానే ఉండిపోయాడు.

మరి గస్తీలో ఉన్నదెవరు? 28వ లైట్ కావల్రీ ఉంది. అది అంతకుముందు మద్రాస్ లాన్సర్ల దళం, మన దక్షిణాది ఫౌజులో పుట్టిందే. 19వ పంజాబీలు ఉన్నారు. చాగీ లెవీలు ఉన్నారు, వాళ్లు స్వయంగా బలూచీలు. అంటే నమాజు వేళకు గీతకు ఇటూ అటూ ఒకే ఖిబ్లా. ఇటువైపు వాళ్లది తనఖా కోసం చేసే నౌకరీ, ఇంట్లో పొయ్యి వెలగాలి. అటువైపు వాళ్లది బంజరు నేల, దోపిడీ తప్ప వేరే ఆమ్దనీ తక్కువ.

అటువైపు వాళ్లను హీరోలుగా కూర్చోబెట్టడానికీ నా మనసు ఒప్పుకోదు. సర్‌హద్ కబీలాలు ఆ రైఫిళ్లతో అంగ్రేజుల ఒంటెల కాఫిలాలను మాత్రమే దోచుకోలేదు. లోపలి ఇరానీ రైతుల ఊళ్ల మీద పడ్డారు. ఆడవాళ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోయి గులాములుగా పెట్టుకున్నారు, అమ్ముకున్నారు. ఆ రైతులూ కలిమా చదివినవాళ్లే. చదవకపోయినా జుల్మ్ జుల్మే. మనవాడు చేశాడు కదా అని దానికి ఇంకో పేరు పెట్టలేం.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. 1916లో ఈ కాపలా గీత దక్షిణ భాగానికి కమాండర్‌గా వచ్చినవాడు బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ డయ్యర్. అవును, అతనే. యార్‌ముహమ్మద్‌జాయీ, గంషాద్‌జాయీ, ఇస్మాయీల్‌జాయీ కబీలాలను లొంగదీయడం అతని పని. చేతిలో ఉన్న ఫౌజు చాలా తక్కువ. పెద్ద లష్కర్ వెనకే వస్తోందని పుకారు పుట్టించాడు, ఖాష్ కోటను పట్టాడు, సర్దార్లతో ప్రమాణాలు చేయించాడు. జియంద్ ఖాన్ లాంటి సర్దార్లు లొంగినట్టే లొంగి మళ్లీ తిరగబడ్డారు. డయ్యర్ 1921లో ఈ కథను పుస్తకంగా వేసుకున్నాడు. పేరు రైడర్స్ ఆఫ్ ద సర్‌హద్. బ్లఫ్ అన్న మాట దాని అట్ట మీదే ఉంటుంది, అదొక ఘనకార్యంలాగా. పుస్తకం వచ్చేనాటికి లోకానికి అతను ఇంకో సంగతితో తెలుసు. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్‌లో 50 మంది సిపాయిలతో 1,650 రౌండ్లు కాల్పించాడు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. గుంపును చెదరగొట్టడం ఒక్కటే కాదు, పంజాబ్ మొత్తం మీద ప్రభావం పడాలనుకున్నానని హంటర్ కమిటీ ముందు తనే ఒప్పుకున్నాడు.

సర్‌హద్‌కూ అమృత్‌సర్‌కూ సంబంధం ఉందని నేను నమ్ముతాను. ఎడారిలో కొద్దిమంది మనుషులతో భయం పుట్టించి గెలవడం మరిగినవాడు, బాగ్‌లో నిరాయుధుల మీదా ఆ భయాన్నే వాడాడు. ఎడారిలో అడిగేవాడు లేడు. పార్లమెంటు లేదు, అఖ్బారు లేదు, గవాహీ లేదు. ఎవరూ చూడని చోట అలవాటైన జుల్మ్ మూడేళ్లకు బజారు మధ్యకు వచ్చింది. సర్‌హద్‌లో అతని పక్కనే ఉండి దారులు చూపిన ఈదూ అనే బలూచీ ఉన్నాడు, రేకీ కబీలా మనిషి. అతని గురించి మనకు తెలిసిందల్లా డయ్యర్ రాసిందే. ఈదూ రాసిన ఒక్క ముక్కా మన దాకా రాలేదు. జియంద్ ఖాన్‌దీ అంతే.

జర్నలిస్టుగా ఇరవై ఏళ్లుగా ప్రెస్ నోట్లు చదువుతున్నాను. ఎదురుకాల్పులు జరిగాయి, ఆయుధాలు దొరికాయి, ఒకడు చనిపోయాడు అని ఉంటుంది. రాసింది బతికినవాళ్లు. చనిపోయినవాడి బయాన్ ఉండదు. డయ్యర్ పుస్తకం నా కంటికి ఒక పొడుగాటి ప్రెస్ నోటు. అందులో ఉన్నదంతా ఝూట్ అననక్కర్లేదు. అదే పూరా సచ్ అని నమ్మనూ అక్కర్లేదు. మీ అబ్బాయో అమ్మాయో రేపు ఇలాంటి కథ ఏదైనా పట్టుకొస్తే గద్దారా, ముజాహిదా అని తేల్చే ముందు మూడు సవాళ్లు వేయమనండి. ఈ బందూకు ఎవరి కార్ఖానాలో తయారైంది? ఈ గీత ఎవరు గీశారు, అక్కడి జనాన్ని అడిగే గీశారా? ఈ కథ రాసిందెవరు, ఎవరి నోరు మూసి ఉంది? మూడింటికీ జవాబు దొరికాకే ఫైసలా.

ఇది పాత కథేం కాదు. ఆ ఇలాకాలోని పెద్ద పట్నానికి అప్పట్లో దుజ్దాబ్ అని పేరు. దుజ్ద్ అంటే ఫార్సీలో చోర్. రజా షా కాలంలో దాన్ని జాహెదాన్ చేశారు, జాహిదుల ఊరు. ఒక్క ఫర్మానాతో చోరుల ఊరు పరహేజ్‌గార్ల ఊరైపోయింది. జనం వాళ్లే, గరీబీ అదే. 2021 ఫిబ్రవరిలో అదే సరిహద్దున సరావాన్ దగ్గర డీజిల్, పెట్రోల్ మోసుకెళ్లి పొట్ట పోసుకునే బలూచీల మీద ఇరాన్ సరిహద్దు దళాలు కాల్పులు జరిపాయి. ఈసారి అంగ్రేజు లేడు. కాల్చినవాడూ, పడిపోయినవాడూ ఒకే దేశం వాళ్లు, ఒకే కలిమా వాళ్లు. దీని మీద మనం ఎందుకు మాట్లాడం? డయ్యర్ మీద మండే గుండె సరావాన్ మీద చల్లగా ఉంటే, మన కోపం జుల్మ్ మీద కాదు, జాలిమ్ చర్మం రంగు మీద అని లోకం అంటుంది. ఆ మాట పడకుండా ఉండాలంటే ఇన్సాఫ్‌కు సర్‌హద్ ఉండకూడదు.