సంతకు మూడు భాషలు, సంఘమునకు ఒకటియు లేదు

ఆర్మూరు పసుపు బేరములను చూచినవారికి ఒక సంగతి తెలియును. రైతు తెలుగున ధర చెప్పును, అడ్తిదారు ఉరుదూలో బదులు పలుకును, సాంగ్లీ నుండి వచ్చిన వర్తకుడు మరాఠీలో తగ్గింపజూచును. అయినను ధర విషయమున ఒకరిమాట ఒకరికి తెలియకపోవుట లేదు. ఇట్టి ఊరికి పురపాలక సంఘమున్నది. అందు ప్రజలపక్షమున మాటలాడువాడే లేక ఒక సంవత్సరము గడచినది!

2020 జనవరిలో ఎన్నికైన సభ్యుల గడువు 2025 జనవరిలో తీరెను. ఆ సంవత్సరమంతయు ప్రత్యేకాధికారులే ఏలిరి. గడువు తీరకముందే ఎన్నికలు ముగింపవలెనని రాజ్యాంగము 243-యు అధికరణమున శాసించుచున్నది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ విధినే నొక్కి చెప్పెను. హైదరాబాదు నగరమునకైతే 1991 మొదలు 2002 వరకును ఎన్నికైన సంఘమే లేదు. ఎవరి ఉద్యోగమైనను పోయెనా? 2019 పురపాలక చట్టమును చూడుడు. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకనిచో సభ్యుని పదవి పోవునట. మొక్క యెండినచో శిక్ష గలదు. సంఘమే యెండినచో ఎవరికిని శిక్ష లేదు.

"అధికారులు బాగుగనే పనిచేసిరిగదా" యని కొందరు పెద్దమనుష్యులందురు. కావచ్చును. జాగీర్దారులలోను మంచివారుండిరి. వారినడుగు హక్కు రైతునకు లేకపోవుటయే మన పెద్దల ఫిర్యాదు.

ఇక భాష. కొలది దినముల క్రిందట బీడీలు చుట్టు ముసలమ్మయొకతె యింటిపన్ను తాఖీదు పట్టుకొని నాకడకు వచ్చినది. ఆమె ఉరుదూ తప్ప మరొకటి చదువనేరదు. గడువు దాటి ఇరువది దినములాయెను. అడుగబోగా, తెలుగు వచ్చినవారిని వెంటబెట్టుకొని రమ్మని ఒక కచేరివారు పంపివేసిరట. 2017 నుండి ఉరుదూ రాష్ట్రమంతటను రెండవ అధికారభాష!

నాకప్పుడు 1921 నవంబరు 12 జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు కార్వేగారి అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడగా సభికులు ఎగతాళి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. ఆ కథ చెప్పుకొని నేటికిని మనము పొంగుదుము. నేడు కచేరి బల్లకు ఆవలివైపున కూర్చున్నవారము మనమే. ఆ ముసలమ్మయెడల మనము చేసినది మరియేమి?

ఇది తెలుగునకు ద్రోహమనువారితో నాకు వాదము లేదు. వారు ఒక్కదినము సంతకు వచ్చి నిలువబడిన చాలును. చట్టము ప్రతి వార్డునకును నాలుగు సమితులను, ఒక్కొక్కదానికి 15 మందిని విధించినది. ఆ అరువదిమందిలో వీధి మాటలాడు భాషలన్నిటికిని, తండానుండి వచ్చి కాపురమున్న లంబాడీలకును చోటుండవలెను. తాఖీదులును, సంఘ తీర్మానములును తెలుగున, ఉరుదూన గోడకంటింపవలెను. నోటిమాటగా ఏ భాషలో చెప్పినను గుమాస్తా అర్జీ వ్రాసికొనవలెను. ఎన్నికలు గడువుదాటరాదనునది నాలుగవది.

అర్జీ సిద్ధముగానున్నది. చేవ్రాలు చేయగోరువారు సాయంకాలము కోర్టు విడిచిన పిమ్మట నా యింటికి రావచ్చును. ఏ లిపిలోనైనను చేయవచ్చును. వ్రేలిముద్రకును సిరా యుంచితిని.