వ్రాసుకున్న అప్పు

మా వద్ద ఖుర్ఆన్ నేర్చుకున్న ఒక యువకుడికి జర్మనీలో పై చదువుకు సీటు లభించింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి బోధనా రుసుము ఉండదు. అయితే విద్యార్థి వీసా కోసం సాధారణంగా నెలకు 992 యూరోల చొప్పున, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో ముందే జమ చేయాలి. “వడ్డీకి తేక తప్పదా హజ్రత్?” అని తండ్రి కన్నీళ్ళ పర్యంతమయ్యారు.

మేము కాగితం, కలం తెప్పించాము. ఆ జమ నెలనెలా విద్యార్థికే తిరిగి అందుతుంది. అద్దెకు, భోజనానికి అదే ఆధారం. విమాన చార్జీ, ఆరోగ్య బీమా, సెమిస్టరు చందా వేరుగా వ్రాశాము. ఇంట ఉన్నది పోగా మిగిలిన లోటుకు మేనమామ, చిన్నాన్న ఖర్జె హసనా ఇస్తామన్నారు. “అయినవారి మధ్య పత్రమెందుకు?” అని తండ్రి నొచ్చుకున్నారు.

సోదర సోదరీమణులారా! ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘ ఆయతు, బఖరా 282, అప్పును గడువుతో, సాక్షులతో వ్రాసుకోమని ఆదేశిస్తోంది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమని 280వ ఆయతు బోధిస్తోంది. ఉద్యోగం ఆలస్యమైతే ఏమి చేయాలో కూడా ఆ పత్రంలోనే వ్రాయించాము. తండ్రి సంతకం చేశారు. తల్లి నగలు తాకట్టుకు వెళ్ళలేదు, అల్‌హందులిల్లాహ్.