చెక్క పండితే స్వరం పండుతుందా?

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు పోయిన వేసవిలో ఒక రోజు అర్ధరాత్రి దాటాక ఫోన్ చేశాడు. "మామయ్యా, దొరికింది. 1964 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు. ఒక్క స్క్రూ కూడా మార్చలేదట. చేతిలోకి తీసుకోగానే ఒళ్ళు ఝల్లుమంది" అన్నాడు. ధర అడిగాను. 18 వేల డాలర్లు. సగం దాచుకున్నది, సగం అప్పు.

"ఒళ్ళు ఝల్లుమన్నది దాని ధ్వనికా, దాని సంవత్సరానికా?" అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా విజయవాడలో ఆర్కెస్ట్రాల వాళ్ళ ఆంప్లిఫయర్లూ గిటార్లూ బాగుచేసి బతికినవాణ్ణి. నిప్పుల మీద నడవడం మహిమ కాదని పటమట నాస్తిక కేంద్రం వాళ్ళు స్వయంగా నడిచి చూపించిన ఊరు మాది. ఎవరైనా ఒక వస్తువుకు మహిమ ఉందంటే, ఎలా తేలుతుందో చూద్దాం అనుకోవడం అక్కడే నేర్చుకున్నాను. పాత ఎలక్ట్రిక్ గిటారు చుట్టూ ఇవాళ అల్లుకున్న నమ్మకాలకూ నవరత్నాల ఉంగరం చుట్టూ అల్లుకున్న నమ్మకాలకూ నాకు పెద్ద తేడా కనిపించదు. రెండింటికీ సర్టిఫికెట్ ఉంటుంది. రెండింటి గుణమూ అమ్మేవాడే చెబుతాడు. పెట్టుకుంటే తెలుస్తుందంటారు. పెట్టుకున్నవాడు తెలిసిందంటాడు. అంత డబ్బు పోశాక తెలియలేదని ఎలా అంటాడు?

అన్నిటికంటే గట్టి నమ్మకం చెక్క గురించి. అరవై ఏళ్ళు ఎండిన చెక్కలో స్వరం పండుతుందని అంటారు. వీణ గురించి అంటే కూర్చుని వింటాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే వీణలో, తీగ కదలిక గుర్రం (బ్రిడ్జి) మీదుగా కుండ మీది పలకకు చేరి, ఆ పలక గాలిని కదిలిస్తేనే మనకు నాదం వినిపిస్తుంది. అక్కడ చెక్కే గొంతు. ఎలక్ట్రిక్ గిటారులో గాలిని కదిలించేది స్పీకరు. తీగల కింద అయస్కాంతం ఉంటుంది, దాని చుట్టూ తల వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. పైన ఉక్కు తీగ ఊగినప్పుడు ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. ఈ అయస్కాంతమూ చుట్టా కలిస్తే పిక్‌అప్. దానికి చెవి లేదు. చెక్క వయసు దానికి తెలియదు, ఉక్కు తీగ కదలిక ఒక్కటే తెలుస్తుంది.

చెక్కకు అసలు పాత్రే లేదని నేననను. కొన్ని స్వరాల దగ్గర మెడ చెక్క తీగ ఊపును లాగేసుకుంటుంది, అక్కడ స్వరం తొందరగా చచ్చిపోతుంది. వాయించేవాళ్ళు దాన్ని డెడ్ స్పాట్ అంటారు. అది కొత్తదానిలోనూ ఉంటుంది, పాతదానిలోనూ ఉంటుంది. నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ గిటారు ఒళ్ళే లేకుండా తీగలను గాలిలో లాగి కట్టి, కింద పిక్‌అప్ పెట్టి, తీగల పొడవూ పిక్‌అప్ ఎత్తూ గిటారుతో సమానంగా ఉంచి వాయించి వీడియో తీశాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసార్లు విన్నాను. గిటారుకూ దానికీ తేడా నా చెవికి అందలేదు. నా బల్ల మీద నేను చూసిందీ అదే. స్క్రూడ్రైవర్‌తో పిక్‌అప్‌ను ఒక మిల్లీమీటరు పైకి లేపితే గదిలో ఉన్న ప్రతివాడికీ తేడా వినబడుతుంది. ఆ మిల్లీమీటరుకు పైసా ఖర్చు లేదు.

చెక్కే గొంతైన వాయిద్యాల్లో కూడా ఈ నమ్మకం పరీక్షకు నిలబడలేదు. 2010లో ఇండియానాపోలిస్‌లో ఒక హోటల్ గదిలో పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసుల చేతికి ఆరు వయొలిన్లు ఇచ్చింది. మూడు కొత్తవి, మూడు పేరుమోసిన పాతవి: రెండు స్ట్రాడివేరియస్‌లు, ఒకటి గ్వార్నేరి. మసక వెలుతురు, కళ్ళకు వెల్డింగ్ అద్దాలు. పాత చెక్క వాసన పట్టేస్తారని గడ్డం ఆనించే చోట అత్తరు చుక్క కూడా వేశారు. ఎక్కువమంది కొత్తదాన్నే కోరుకున్నారు. అందరికంటే తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివేరియస్. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాగే ఆరు అకౌస్టిక్ గిటార్లను ఒకే పద్ధతిలో చేయించి, వెనక చెక్కా పక్క చెక్కా మాత్రం మార్చి, 52 మంది వాయిద్యకారుల చేతికిచ్చారు. 2018లో ఫలితాలు వచ్చాయి. చూడకుండా వాయిస్తే ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కూ మామూలు చెక్కకూ మధ్య లెక్కలోకి వచ్చే తేడా కనబడలేదు.

ఈ రోజ్‌వుడ్ దగ్గర నాకు నిజంగా బాధ కలుగుతుంది. బ్రెజిల్ అట్లాంటిక్ తీరపు అడవుల్లో పెరిగే ఆ చెట్టును గిటార్లకూ బల్లలకూ బీరువాలకూ నరికి నరికి, 1992లో అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించాల్సిన జాబితాలోకి తెచ్చారు. అంతకుముందే, బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేశాక, 1969లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది. మనం జిట్రేగి అనే చెట్టు అదే. ఆ మార్పును చెవితో కాక కేటలాగు చదివి కనిపెట్టినవాళ్ళే ఎక్కువని నా అనుమానం. అయినా "బ్రెజిలియన్" అన్న ఒక్క మాటకు ఇవాళ్టికీ వేల డాలర్లు పలుకుతున్నాయి. నమ్మకం జేబుకే నష్టం అంటాం. ఇక్కడ ఒక చెట్టు జాతికే ముప్పు వచ్చింది.

రంగు సంగతి కూడా అంతే. నైట్రోసెల్యులోజ్ లక్క పూత చెక్కను ఊపిరి పీల్చుకోనిస్తుందని చెబుతారు. ఫ్యాక్టరీ వాళ్ళు ఆ పూత వాడింది త్వరగా ఆరుతుందని. అప్పట్లో కార్లకు వేసిన రంగూ అదే. ఫెండర్ కంపెనీ లేక్ ప్లాసిడ్ బ్లూ, ఫియెస్టా రెడ్ డూపాంట్ వాళ్ళ కార్ల రంగులే. పైగా 1960ల మొదట్లోనే లక్క కింద ఫుల్లర్‌ప్లాస్ట్ అనే గట్టి సీలరు పూశారు. ఊపిరాడుతుందంటున్న చెక్కకు ఫ్యాక్టరీలోనే ప్లాస్టిక్ తొడుగు వేశారన్నమాట.

పాత గిబ్సన్ పిక్‌అప్‌ల కింద ఉండే చిన్న స్టిక్కర్‌కు జరిగే పూజ ఇంకో కథ. ఆ పిక్‌అప్‌ను కనిపెట్టిన సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1959లో పేటెంటు వచ్చింది. ఆ రోజుల్లో అంటించిన "పేటెంటుకు దరఖాస్తు చేశాం" అనే స్టిక్కర్ పేరు మీదే వాటిని పీఏఎఫ్ అంటారు. తర్వాతి స్టిక్కర్ మీద వేసిన పేటెంటు నంబరు అసలు పిక్‌అప్‌ది కాదు, గిటారిస్టు లెస్ పాల్ రూపొందించిన, తీగలు బిగించే టెయిల్‌పీస్‌ది. అంటే ఫ్యాక్టరీ వాళ్ళే ఆ కాగితం ముక్కను అంత పట్టించుకోలేదు. చుట్లు కచ్చితంగా లెక్కపెట్టలేదు, అయస్కాంతం ఏ రకం చేతికొస్తే అది పెట్టారు. మల్టీమీటరు పెడితే ఒకటి ఏడు వేల ఓమ్‌లు, ఇంకొకటి తొమ్మిది వేలు చూపిస్తుంది. రెండింటి ధ్వనీ వేరు. మరి లోకమంతా వెతుకుతున్న "పీఏఎఫ్ ధ్వని" ఏది?

ఒకసారి నేనూ ఇందులో మోసపోయాను. మద్రాసు నుంచి వచ్చిన ఒక మధ్యవర్తి పాత అమెరికన్ పిక్‌అప్ అని అమ్మాడు. ఆ వారమంతా ధ్వని అద్భుతమని నలుగురికీ చెప్పాను. తర్వాత చుట్ట తెగి విప్పితే, ఆ కాలపు ముదురు గోధుమరంగు ఎనామిల్ తీగకు బదులు ఎర్రగా మెరిసే కొత్త రకం తీగ బయటపడింది. నా చెవి అబద్ధం చెప్పలేదు. నేను చెవికి ముందే జవాబు చెప్పి పంపాను.

ఇక మడి. ఈ బజారులో "ఒరిజినల్" అనే మాటకు మడికున్నంత పట్టింపు ఉంది. నాబ్ కింద తిరిగే పాట్ ఒకటి మారిస్తే, ఒక చోట కొత్తగా సోల్డరింగ్ పెడితే మైలపడినట్టే. రంగు మళ్ళీ వేస్తే ధర ఇంచుమించు సగానికి పడిపోతుంది. అదే సమయంలో పెద్ద గిటారిస్టుల చేతుల్లో వాయిద్యాలు ఎలా బతికాయో చూడండి. డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌కు మెడలు మారాయి, పిక్‌అప్‌లు మారాయి, ఒళ్ళంతా కోతలు. 2019 వేలంలో అది దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. ఎరిక్ క్లాప్టన్ మూడు గిటార్ల భాగాలు కలిపి ఒక్కటి చేసుకున్నాడు, దానికే బ్లాకీ అని పేరు. వుడ్‌స్టాక్‌లో 1969లో జరిగిన సంగీతోత్సవంలో జిమి హెండ్రిక్స్ వాయించిన తెల్ల స్ట్రాటోకాస్టర్ 1968లో తయారైంది. అప్పటికి అది కొత్త గిటారు. 1965 జనవరిలో లియో ఫెండర్ కంపెనీని సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాక నాణ్యత పోయిందని చెప్పేవాళ్ళు, హెండ్రిక్స్ చేతిలో ఉన్నది ఆ తర్వాతి గిటారే అన్న సంగతి దాటేస్తారు. నాణ్యత కొంత తగ్గిన మాట నిజమే, మెల్లగా తగ్గింది. అమ్మకం పత్రం మీద సంతకం పడిన రాత్రి చెక్క మారిపోలేదు.

పాతవన్నీ బాగుంటాయి కదా అంటే, బాగోలేనివి ఎప్పుడో చెత్తలోకి పోయాయి. వాయించేవాళ్ళు మంచివి దాచుకున్నారు. మిగిలినవాటిని చూసి అప్పుడన్నీ అలాగే చేసేవారని అనుకోవడం, నూరేళ్ళు బతికిన తాతను చూసి ఆ కాలంలో రోగాలే లేవన్నట్టే.

ఇంత చెప్పినా, కొనొద్దని నేను మా వాడితో అనలేదు. పాత వస్తువు మీద మమకారం తప్పు కాదు. చరిత్రకు డబ్బిస్తున్నావని తెలిసి ఇవ్వు, ధ్వనికి ఇస్తున్నానని అనుకుని ఇవ్వకు అన్నాను. ముందు పిక్‌గార్డ్ విప్పించి పాట్‌ల వెనక ఫొటోలు తీసి పంపమన్నాను. అమ్మేవాడు విప్పడానికి ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచి వచ్చెయ్యమన్నాను.

ఫొటో వచ్చింది. పాట్ వెనక డబ్బా మీద చిన్న అంకెలు: 1376613. మొదటి మూడంకెలు తయారీదారువి, 137 అంటే సీటీఎస్. తర్వాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. 1966లో 13వ వారం. 1964లో తయారైన గిటారులో 1966 పాట్ ఎలా ఉంటుంది? పాట్ అసలుదే అయితే గిటారు 1964ది కాదు. పాట్ మార్చారంటే ఒక్క స్క్రూ కూడా మార్చలేదన్న మాట అబద్ధం. ఈ రెండింట్లో ఏదో ఒకటి అమ్మేవాడు ఒప్పుకోవాలి. మూడో దారి లేదు. పాట్ అసలుదే అయినా, దాని మీది తేదీ గిటారు అంతకు ముందుది కాదని మాత్రమే చెబుతుందని కూడా వాడికి చెప్పాను. 1966లో ఫెండర్ వాళ్ళు ఈ పాట్‌లు కుప్పలుగా కొని చాలాకాలం వాడారు, గిటారు 1968దైనా కావచ్చు.

మొదటిసారి కొనేవాళ్ళు ఈ పనులు తప్పక చెయ్యాలి. ఫెండర్ మెడను నాలుగు స్క్రూలు విప్పి చూస్తే అడుగున తేదీ ఉండవచ్చు. గిబ్సన్ అయితే నట్ వెనక, తల వంపు మొదలయ్యే చోట వేలితో నెమ్మదిగా తడమాలి. ఆ గిటార్లు ఎక్కువగా విరిగేది అక్కడే, అతుకు ఎంత బాగున్నా గోటికి సన్నని గీత తగులుతుంది. చీకటి గదిలో యూవీ టార్చి వేస్తే పాత లక్క పచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన చోటు వేరుగా కనబడుతుంది. మెడ వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్, ఇంకా తిరుగుతుందో, చివరిదాకా బిగిసిపోయిందో చూడాలి. 1960ల గిబ్సన్ సీరియల్ నంబరును ఒక్కదాన్నే నమ్మకూడదు, ఒకే నంబరు వేర్వేరు సంవత్సరాల్లో మళ్ళీ మళ్ళీ పడింది. 1970ల జపాన్ గిటారును "లాసూట్" గిటారు అంటూ ధర పెంచితే పట్టించుకోవద్దు. 1977లో గిబ్సన్ మాతృసంస్థ కేసు వేసింది ఐబనెజ్ గిటార్లు అమ్మే ఎల్గర్ కంపెనీ మీద, గొడవ హెడ్‌స్టాక్ ఆకారం గురించి, మరుసటి ఏడాది రాజీ అయింది. ఆ కాలపు జపాన్ గిటార్లన్నీ కోర్టుకెక్కలేదు.

ఈ తనిఖీలన్నీ అయ్యాక, ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్ళి, తాను గోడవైపు తిరిగి కూర్చోమని మా వాడికి చెప్పాను. స్నేహితుడు ఆ పాత గిటారునూ మా వాడి సొంత గిటారునూ ఒకే ఆంప్లిఫయర్‌లో, ఒకే శబ్దం మీద, నాణెం ఎగరేసి వచ్చినదాన్నిబట్టి ఇరవై సార్లు వాయించాలి. మా వాడు ఏది ఏదో కాగితం మీద రాయాలి. రాశాడు. ఇరవైకి పదకొండు సరిపోయాయి. కళ్ళు మూసుకుని నాణెం ఎగరేసినా ఇంచుమించు అన్నే వస్తాయి.

దాన్ని వదిలేసి, రెండు నెలల తర్వాత వాడు 1970ల నాటి ఇంకో గిటారు కొన్నాడు. రంగు ఎవరో మళ్ళీ వేశారు, ఫ్రెట్లు కొత్తవి. అందుకే ధర అందుబాటులో ఉంది, అప్పు చెయ్యలేదు. మెడ తన చేతికి సరిపోయిందట. ఆ రాత్రే వాయించి వీడియో పంపాడు. విని, రెండో నాబ్ తిప్పినప్పుడల్లా గరగరమంటోందని చెప్పాను. పాట్‌లో దుమ్ము చేరింది. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క కొట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి ఇరవై సార్లు తిప్పమన్నాను.