ప్రయాణమూ చికిత్సయే

ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5, తెలంగాణలో 97 కాన్పులు ఆసుపత్రులయందే జరుగుచున్నవని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది. పురిటింటిలో ప్రాణములు కోల్పోయిన తల్లుల కథలను ఇంటింటను విని పెరిగిన తరమునకు ఇది సామాన్యమైన అభ్యుదయము కాదు. అయినను ఆసుపత్రిలో పుట్టుట వేఱు, తన్ను రక్షింపగల ఆసుపత్రిలో పుట్టుట వేఱు. మండల కేంద్రములోని ఆరోగ్య కేంద్రమును, పట్టణపు సందులోని నర్సింగ్ హోమును, జిల్లా ఆసుపత్రియు గణాంకములలో ఒకే పద్దున చేరుచున్నను, నెలలు నిండక పుట్టి, ఊపిరి చాలక డొక్కలెగరవేయుచు మూల్గుచున్న కిలోన్నర బిడ్డకు ఆ మూడింటి నడుమ గల అంతరము జీవన్మరణముల అంతరమే. “ఇక్కడ బాక్సు లేదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి” అను మాట వెలువడినది మొదలు, ఆ పెద్దాసుపత్రిలో ఒక నర్సు బిడ్డను చేతులలోనికి తీసికొను వఱకు గడచు రెండు మూడు గంటల కాలము మన వైద్యవ్యవస్థలో ఎవరి బాధ్యతయు కాక నిలిచియున్నది. పంపినవారి రిజిస్టరులో ఆ బిడ్డను ‘రిఫర్’ చేసివేసిరి. చేర్చుకొనువారి రిజిస్టరులో ఇంకను పేరే లేదు. ఈ కాలమును సైతము చికిత్సాకాలముగ నెంచి దానికొక కర్తను నియమింపనంత వఱకు ఎన్ని వాహనములు కొన్నను ఫలము అరకొరయే యని నా దృఢాభిప్రాయము.

దారిలో బిడ్డకు తొలి శత్రువు చలి. మన ఎండల సీమలో చలి యేమని ఆశ్చర్యపడువారు కలరు. ఉమ్మనీటిలో వెచ్చగా నున్న శిశువు తడియొడలితో గాలిలోనికి వచ్చినంతనే, ఆ తడి ఆరుచు దేహపు వేడిని హరించును. ఏ రక్షణయు లేనిచో లోపలి ఉష్ణోగ్రత నిమిషమునకు డిగ్రీలో పదియవ వంతు చొప్పున పడిపోవచ్చును. వేడిని పుట్టించు కొవ్వు చివరి వారములలో గాని చేరదు గనుక నెలతక్కువ బిడ్డకు అదియు లేదు. 36.5 నుండి 37.5 డిగ్రీల నడుమ నుండవలసిన వేడి తగ్గినకొలదిని, దానిని నిలుపుకొనుటకై ఆ శిశువు తనకున్న కొద్దిపాటి చక్కెరను, ప్రాణవాయువును వెచ్చించును. చక్కెర తఱుగును, ఊపిరితిత్తుల రక్తనాళములు ముడుచుకొనును, శ్వాస మఱింత కష్టమగును.

మన దారులలో ఇది ఎట్లు జరుగునో చూడుడు. అమ్మమ్మయో నాయనమ్మయో బిడ్డను పాత చీర ముక్కలో చుట్టి ఒడిలో పెట్టుకొని కూర్చుండును. కాన్పు గదిలో ఒళ్లు తుడిచిన తడిగుడ్డ లోపల అట్లే ఉండిపోయినది. తలకు టోపీ లేదు. ఉక్కగా నున్నదని కిటికీ తెఱచిరి. తండ్రి ఆక్సిజన్ గొట్టమును ముక్కు చెంత పట్టుకొనియుండగా ప్రతి కుదుపునకు అది చెంపకు జారును. బిడ్డ కదలక పడియుండగా నిద్రపోవుచున్నదని అందఱును తలంతురు. వార్మరు కింద పరుండబెట్టి కొలిచినప్పుడు గాని అది నిద్ర కాదనియు, 34 డిగ్రీలకు దిగిన దేహపు నిశ్చేష్టత యనియు తెలియదు. దీనిని నివారించుటకు విలువైన యంత్రమే కావలెనని లేదు. 32 వారములు నిండని శిశువును పుట్టినంతనే, ఒడలు తుడువకయే, మెడ వఱకు శుభ్రమైన పాలిథిన్ సంచిలో నుంచి తలకు టోపీ తొడిగినచో తడి ఆవిరియై వేడిని గొనిపోవుట ఆగును.

వేగమే రక్ష యను భ్రాంతిని పోగొట్టుటకు అమెరికా చరిత్రలోని ఒక ఘట్టము చాలును. 1963 ఆగస్టు 7న అధ్యక్షుడు కెనెడీ సతీమణి మసాచుసెట్స్‌లోని ఓటిస్ వైమానిక స్థావరపు ఆసుపత్రిలో, గడువునకు ఐదున్నర వారముల ముందుగా మగశిశువును ప్రసవించినది. రెండు కిలోలకు పైబడిన ఆ బిడ్డ, పాట్రిక్, పుట్టినది మొదలు ఆయాసపడుచుండగా ఆనాడే బోస్టన్ శిశువైద్యాలయమునకు తరలించిరి. దేశాధినేత బిడ్డకు వాహనము కొఱత యేమి? అయినను 9వ తేదీ తెల్లవాఱుజామున ఆ శిశువు మరణించెను. గాలితిత్తులు మూసికొనిపోకుండ కాపాడు సర్ఫాక్టెంట్ అను పదార్థపు లోపమే ఆ వ్యాధికి మూలమని మేరీ ఎలెన్ ఎవరీ, జెరి మీడ్ 1959లోనే చూపియున్నను, చికిత్స అప్పటికి పుట్టలేదు. నిరంతర పీడనముతో ఊపిరితిత్తులను తెఱచియుంచు సీపాప్ పద్ధతి 1971లోను, సర్ఫాక్టెంటునే మందుగా నిచ్చు ఫుజివారా ప్రయోగము 1980లోను వెలువడినవి. నేడు అంతటి బరువు గల బిడ్డను కాపాడగల నవజాత శిశు ప్రత్యేక చికిత్సా విభాగములు (ఎస్‌ఎన్‌సీయూలు) మన జిల్లా ఆసుపత్రులలో కలవు. ఆనాడు వాహనముండి చికిత్స లేకపోయినది. నేడు చికిత్స యుండియు, దానిని అందుకొను స్థితిలో బిడ్డ చేరకపోవుట జరుగుచున్నది.

ఆ స్థితిని కొలుచుట కష్టము కాదు. ఉష్ణోగ్రత, ఆక్సిజన్, రక్తప్రసరణ, చక్కెర, ఈ నాలుగింటిలో ఎన్ని చెడియుండగా బిడ్డ చేరునో అంతకంతకు మరణభయము హెచ్చునని ఢిల్లీలోని మౌలానా ఆజాద్ వైద్యకళాశాల వైద్యులు 2007లో ప్రకటించిరి. థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, గ్లూకోమీటరు ఉన్న చాలును. రక్తప్రసరణకైతే ఱొమ్ముపై వ్రేలితో నొక్కి, పాలిపోయిన చోటికి రంగు మూడు సెకన్లలోపల తిరిగి వచ్చుచున్నదా యని చూచుటయే. పంపు ఆసుపత్రి అర్ధగంట ఆగి ఈ నాలుగింటిని చక్కదిద్ది పంపినచో, ఆ అర్ధగంట ఆలస్యముగా లెక్కకు రాదు. ముందుగా ఫోను చేసి పడక కలదో లేదో కనుగొనక, “నెలతక్కువ, బరువు తక్కువ” అని ఒక్క పంక్తి చీటీతో పంపుట మాత్రము క్షమింపరానిది. ఒక ఆసుపత్రి వాకిటినుండి మఱియొక వాకిటికి తిరుగుటలో పోవు ప్రాణములకు ఆ చీటీయే కారణము.

వాహనముల విషయమున తెలుగు రాష్ట్రములు వెనుకబడియుండలేదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే పుట్టినది. 2011 జూన్‌లో కేంద్రము ఆరంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమము జబ్బుపడిన పసికందును ఒక ప్రభుత్వాసుపత్రినుండి మఱియొకదానికి ఉచితముగ చేర్చుటను హక్కుగా గుర్తించినది. 2020 జూలై 1న విజయవాడలో ఆరంభింపబడిన 412 అంబులెన్సులలో 26 నవజాత శిశువులకే ప్రత్యేకింపబడినవి. ఆంధ్రప్రదేశ్ నాటి 13 జిల్లాలకు పంచినచో జిల్లాకు రెండు. ఇది ప్రశంసనీయము. కాని పాడేరు ఘాట్ మలుపులలో ఇంక్యుబేటరు చెంత కూర్చుండునది ఎవరు? చిన్న ముక్కుపుటములకు మాస్కు అమర్చుట, బెలూనువంటి సంచితో ఊపిరి నందించుట నిత్యము చేయు ఎస్‌ఎన్‌సీయూ నర్సులను వంతులవారీగా ఆ వాహనములలో నియమించుట అవసరము. ఎన్ని వాహనములు కొన్నామని చాటుటతోపాటు, చేరిన బిడ్డలలో ఎందఱు వెచ్చగా చేరిరో ప్రభుత్వములు ఏటేట ప్రకటింపవలెను.

వీలైనంత వఱకు బిడ్డను గాక, కాన్పునకు ముందే తల్లిని తరలించుట శ్రేయస్కరము. 28 వారములు నిండక చిన్న ఆసుపత్రులలో పుట్టి 48 గంటలలోపల పెద్ద కేంద్రములకు చేర్పబడిన శిశువులలో, అచ్చటనే పుట్టినవారికంటె తీవ్రమైన మెదడు గాయములు ఎక్కువని 2019లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన తెలిపినది. తరలింపక చిన్న ఆసుపత్రిలోనే ఉంచినవారిలో మరణములు ఎక్కువ. నొప్పులు ముందుగా మొదలైన తల్లికి స్టెరాయిడ్ సూది వేసినచో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని న్యూజిలాండుకు చెందిన లిగ్గిన్స్, హౌవీ 1972లోనే చూపిరి. చవుకగా దొరకు ఆ సూది వేసి తల్లిని పంపుటకు ఏ ఆరోగ్య కేంద్రమునకును అశక్తత యుండరాదు. ఏడవ నెల బిడ్డ దక్కును గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదను నమ్మకము ఇంకను మన ఇండ్లలో కలదు. అది నిరాధారము, గర్భములో గడచు ప్రతి వారమును బిడ్డకు లాభమే. ఈ సందర్భముననే ముహూర్తపు ఆపరేషన్లను గూర్చియు చెప్పవలసియున్నది: నొప్పులు రాకమునుపే, 39 వారములు నిండకయే, నక్షత్రము చూచి కోయించిన కాన్పులలో ఆయాసముతో పుట్టి, ఆ పుణ్యఘడియలోనే అంబులెన్సు ఎక్కు బిడ్డలు కలరు. తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషనుతో జరుగుచుండగా ఈ దురాచారమును ఉపేక్షింపరాదు.

ఇక బిడ్డ ఒక ఊరను, కుట్లు మానని బాలింత వేఱొక ఊరను ఉండిపోవుట మన తరలింపులలో సర్వసాధారణమైనది. ముర్రుపాలు అక్కడ, ఆకలి ఇక్కడ. 1978లో బొగోటా నగరమున ఎడ్గార్ రేయ్ ప్రారంభించిన, బిడ్డను తల్లి ఱొమ్మున ఆనించియుంచు కంగారూ పద్ధతిని పుట్టినది మొదలు పాటించినచో తక్కువ బరువు శిశుమరణములు నాల్గవవంతు తగ్గునని, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు పాల్గొన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన 2021లో నిరూపించినది. వెంటిలేటరు అవసరము లేని బిడ్డను ఇంక్యుబేటరు దొరకనిచోట తల్లి ఱొమ్మున నేరుగా ఆనించి కట్టి తీసికొనిపోవచ్చును. కావున ప్రతి వాహనమున బాలింత ఒరిగి కూర్చుండుటకు చోటును, బిడ్డను కట్టు గుడ్డయు, ఎస్‌ఎన్‌సీయూ పక్కనే ఆమెకొక పడకయు ఏర్పఱుపవలెను. మొదట చెప్పినట్లు ఈ దారి కాలమునకొక కర్త యుండుటకై, బిడ్డ చేరునప్పటి ఉష్ణోగ్రతను, చక్కెరను మఱునాటికెల్ల పంపిన ఆసుపత్రికి తెలియజేయు బాధ్యతను జిల్లా వైద్యాధికారికి అప్పగింపవలెను.