మధ్యతరగతి ఇంటికి ఏ గ్రాఫిక్స్ కార్డు?

దసరా దగ్గర పడిందంటే గోదావరిఖనిలో ఎక్కడ విన్నా ఒకటే మాట... ‘లాభాల వాటా ఎంతట?’ అని. సింగరేణి సంస్థ ఏటా తన లాభాల్లో కొంత భాగాన్ని కార్మికులకు పంచుతుంది. 2024లో అది 33 శాతం. ఆ డబ్బు ఖాతాలో పడకముందే ఇంట్లో జాబితా తయారైపోతుంది. ఫ్రిజ్ మార్చాలని అమ్మ, హాస్టల్ ఫీజు కట్టాలని అక్క, చిట్టీ బాకీ తీర్చేయాలని నాన్న. వీటిలో అర్థంకానిదేమీ లేదు. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు కోరిక దగ్గరే అందరూ ఆగిపోతారు.

‘బాపూ, నాకు గ్రాఫిక్స్ కార్డు కావాలె.’

‘గదేం కార్డురా? ఏటీఎం కార్డు లెక్కనా?’

‘కంప్యూటర్ల పెట్టేది. ముప్పై, నలభై వేలు ఉంటది.’

‘గేములాడుకునేతందుకు నలభై వేలా!’

‘సదువుకు గూడ పనికొస్తది బాపూ...’

పెద్దపల్లి జిల్లాలోని ఏ కార్మిక కాలనీలోనైనా వినిపించగల సంభాషణే ఇది. నాన్న అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. గేములాడే కంప్యూటర్లో అన్నిటికన్నా ఖరీదైన భాగం చాలాసార్లు ఈ కార్డే. ఒకసారి కొంటే నాలుగైదేళ్లు దాంతోనే నెట్టుకురావాలి. పోనీ కొందామంటే అంగట్లో అన్నీ అంకెలే. 5060, 5060 టీఐ, 9060 ఎక్స్‌టీ, బీ580... లాటరీ నంబర్లలా కనిపించే వీటిలో ఏది మనది?

అసలు ఏం చేస్తుందిది?

తెర మీద కనిపించే ప్రతి బొమ్మా చుక్కల ముగ్గే. మామూలు ‘ఫుల్ హెచ్‌డీ’ మానిటర్లో దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. గేము నత్తనడక నడవకుండా సాఫీగా సాగాలంటే సెకనుకు 60 బొమ్మలు పడాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఆ చాకిరీ చేసేదే గ్రాఫిక్స్ కార్డు.

1999లో ‘జీఫోర్స్ 256’ను తెచ్చిన ఎన్‌విడియా దాన్ని జీపీయూ అని పిలిచింది. ఆ పేరే లోకానికి అలవాటైంది. దానికి పోటీగా రేడియాన్ కార్డులు తెచ్చిన ఏటీఐ కంపెనీని 2006లో ఏఎండీ కొనేసింది. 2022లో ‘ఆర్క్’ కార్డులతో ఇంటెల్ కూడా బరిలోకి దిగింది. విశేషమేంటంటే, ఈ మూడు కంపెనీలకూ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. పెద్దపల్లి పిల్లాడు కొనుక్కునే కార్డు వెనక మన ఇంజినీర్ల కష్టమూ ఉంటుందన్నమాట.

బరిలో నలుగురు

కార్డుల్లోనూ పేద, ధనిక తేడాలున్నాయి. మధ్యతరగతి వరసలో గట్టిగా పోటీపడేవి నాలుగు.

మొదటిది ఇంటెల్ ఆర్క్ బీ580. 2024 డిసెంబరులో వచ్చింది. విడుదల ధర 249 డాలర్లు. మెమరీ 12 జీబీ.

రెండోది ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060. 2025 మేలో వచ్చింది. 299 డాలర్లు. మెమరీ 8 జీబీ.

మూడోది ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ. 2025 జూన్‌లో వచ్చింది. ఇందులో 8 జీబీ రకం 299 డాలర్లు, 16 జీబీ రకం 349 డాలర్లు.

నాలుగోది ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ. 2025 ఏప్రిల్‌లో వచ్చింది. 8 జీబీ రకం 379 డాలర్లు, 16 జీబీ రకం 429 డాలర్లు.

ఇవి విడుదలనాటి అమెరికా ధరలు. ఇక్కడ 18 శాతం జీఎస్టీ, దిగుమతి ఖర్చులూ కలుస్తాయి. పైగా కృత్రిమ మేధ డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో వాటి ధరలు పైకెగిశాయి. కాబట్టి కొనే రోజు ధర ఆ రోజే కనుక్కోవాలి. నిరుడు స్నేహితుడు కొన్న ధర పట్టుకుని వెళితే నిరాశ తప్పదు.

చివరి రెండు కార్డుల్లో ఒక మెలిక ఉంది. ఒకే పేరు మీద 8 జీబీ, 16 జీబీ రెండూ దొరుకుతాయి. ‘9060 ఎక్స్‌టీ ఇవ్వండి’ అంటే దుకాణదారుడు ఏదిచ్చినా అబద్ధమాడినట్టు కాదు. పెట్టె మీద మెమరీ అంకె చూసుకోవాల్సింది మనమే.

బంకరెంత? బెల్టెంత?

ఇంతకీ ఆ జీబీల గొడవేంటి? కోల్‌బెల్ట్ వాళ్లకు ఇది చెప్పడం చాలా తేలిక. సీహెచ్‌పీలో పనిచేసే నాన్నకైతే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

థర్మల్ కేంద్రంలో బాయిలర్‌కు బొగ్గు దగ్గర్లోని బంకరు నుంచి అందుతుంది. కార్డులో ఉండే మెమరీ అలాంటి బంకరే. గేములోని గోడలు, చెట్లు, మనుషుల ముఖాలు అన్నీ ముందుగా అందులోకి చేరతాయి. అక్కణ్నుంచి చిప్‌కు వాటిని మోసుకెళ్లే దారి కన్వేయర్ బెల్టు లాంటిది. ఏఎండీ 9060 ఎక్స్‌టీ, ఎన్‌విడియా 5060, 5060 టీఐ... మూడింటికీ బెల్టు వెడల్పు ఒకటే, 128 బిట్లు. కానీ ఎన్‌విడియా బెల్టు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. కొత్తరకం జీడీడీఆర్7 మెమరీ వల్ల సెకనుకు 448 జీబీ మోస్తుంది. జీడీడీఆర్6 వాడే ఏఎండీది 320 జీబీ. ఇంటెల్ బెల్టు వెడల్పు 192 బిట్లు. అది మోసేది 456 జీబీ.

బెల్టు ఎంత జోరుగా తిరిగినా బంకరు చిన్నదైతే ఏం లాభం? 8 జీబీ నిండిపోయాక మిగతా సరుకంతా కంప్యూటర్ మామూలు మెమరీలో, అంటే గని దగ్గరి కుప్పలో ఉండిపోతుంది. కావాల్సినప్పుడల్లా రైలు కట్టి తెచ్చుకోవాలి. సింగరేణి గనుల నుంచి రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు తెచ్చే ఎంజీఆర్ రైలు చూశాం కదా, అలాగన్నమాట. ఆ రైలు వచ్చేలోగా ఇక్కడ గేము కుదుపులు మొదలవుతాయి. శత్రువు ఎదురైన క్షణంలోనే తెర బిగుసుకుపోతుంది!

ఆ రైలు మార్గంలోనూ తేడా ఉంది. ఎన్‌విడియా కార్డులు రెండూ, ఇంటెల్ కార్డూ మదర్‌బోర్డుతో 8 లైన్ల మీద మాట్లాడతాయి. ఏఎండీ 9060 ఎక్స్‌టీకి 16 లైన్లు. కొత్త బోర్డుల్లో ఇది పెద్దగా తెలియదు. ఏళ్ల కిందటి పాత బోర్డులో, అందునా 8 జీబీ కార్డుతో, బాగా తెలిసొస్తుంది.

2025లో వచ్చిన పరీక్షా ఫలితాలు చెప్పిందీ ఇదే. 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ రకాల చిప్ ఒక్కటే. అయినా నాణ్యత పెంచి ఆడినప్పుడు కొన్ని కొత్త గేముల్లో చిన్న బంకరున్నది చతికిలబడింది. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’కైతే కనీసం 8 జీబీ కార్డుండాలని షరతే పెట్టారు. ఈనాటి కనీసంతో ఇంకో నాలుగేళ్లు నడపాలనుకోవడం సాహసమే.

మరి ఇంటెల్ 12 జీబీ చవగ్గా వస్తోంది కదా? వస్తోంది. కానీ బోర్డులో ‘రీసైజబుల్ బార్’ అనే సదుపాయం ఉండి తీరాలి. అది ఉన్నా పాత ప్రాసెసర్లతో జతకడితే ఆ కార్డు వెనకబడుతుందని 2025 జనవరిలోనే తేలింది. కంప్యూటర్ కొత్తదైతే బీ580 మంచి బేరం. పాతదైతే వద్దు.

రామగుండం ఎండ లెక్కలో లేదు!

కార్డుల పరీక్షలు జరిగేది చల్లటి గదుల్లో. మన దగ్గర వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలితో చల్లబడే కార్డు గదికన్నా చల్లగా ఎప్పటికీ ఉండలేదు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే కార్డు వేడీ ఇంచుమించు అంతే పెరుగుతుంది. మొదట ఫ్యాన్లు రొదపెడతాయి. అప్పటికీ తగ్గకపోతే కార్డే తన వేగం తగ్గించుకుంటుంది. నలభై వేలు పోసి కొన్న జోరు మే నెలలో సగంలో ఆగిపోతుందన్నమాట.

5060 గరిష్ఠంగా 145 వాట్లు తీసుకుంటుంది. 16 జీబీ 9060 ఎక్స్‌టీ 160, 5060 టీఐ 180, బీ580 190. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లనుకుంటే 5060 దాదాపు రెండు ఫ్యాన్లంత, మిగతావన్నీ రెండు ఫ్యాన్ల పైమాటే. అదంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. నాన్న బెల్టు మీద పంపిన బొగ్గు కరెంటై తిరిగొచ్చి, కొడుకు గదిని కాలుస్తుందన్నమాట!

దీనికో ఉపాయముంది. మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపగలిగినప్పుడు కార్డు 120 గీయడం వృథా. డ్రైవర్ సెట్టింగుల్లో 60 దగ్గర ఆపేస్తే కరెంటు, వేడి, రొద... మూడూ తగ్గుతాయి. పైసా ఖర్చు లేదు.

బిల్లు సంగతీ చూద్దాం. గేమాడేటప్పుడు కంప్యూటరంతా కలిపి 300 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 36 యూనిట్లు. 2024లో మొదలైన గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు అందుకునే ఇళ్లు ఈ 36ను ముందే లెక్కేసుకోవడం మంచిది.

ఇక బొగ్గు దుమ్ము. కిటికీ తీస్తే టేబుల్ మీద నల్లటి పొర. అదే పొర కార్డు రెక్కల మధ్య పేరుకుంటే గాలి ఆడదు. క్యాబినెట్ ముందు జాలీ ఫిల్టర్ ఉండాలి. నెలకోసారి దాన్ని కడగాలి. బ్లోయర్‌తో కార్డును శుభ్రం చేసేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

ఆ ‘మైనింగ్’ వేరు!

‘సెకండ్‌హ్యాండ్‌లో సగానికే ఇస్తా’ అనేవాళ్లూ ఉంటారు. అక్కడ అడగాల్సిన ప్రశ్న, ఈ కార్డు ‘మైనింగ్’ చేసిందా అని. ఇది బొగ్గు మైనింగ్ కాదు, క్రిప్టో మైనింగ్. కరెన్సీ ‘తవ్వకం’ కోసం లక్షల కార్డులను రాత్రింబవళ్లు నడిపారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో ఆ కార్డులకు ఒక్కసారిగా పనిపోయింది. అవన్నీ పాత సరుకు అంగళ్లకు చేరాయి. గని కార్మికుడికైనా మూడు షిఫ్టుల్లో ఒకటే డ్యూటీ. ఆ కార్డులు మూడు షిఫ్టులూ చేశాయి. వాటిలో బాగా పనిచేసేవీ ఉండొచ్చు. బిల్లు, వారంటీ లేకుండా మాత్రం ముట్టుకోకపోవడమే మేలు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొన్నా, ఊళ్లోనే తెప్పించుకున్నా జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. వారంటీ ఎన్నేళ్లో, పాడైతే ఎక్కడ ఇవ్వాలో రాయించుకోవాలి.

చదువుకా... ఆటకా?

చివరికి ఏది కొనాలి? స్నేహితులతో ‘వాలరెంట్’ లాంటి తేలికపాటి గేములాడేవాళ్లకు వీటిలో ఏదైనా ఎక్కువే. ఇంకా చిన్న కార్డు చాలు. పెద్ద గేములు ఆడుతూ నాలుగైదేళ్లు వాడుకోవాలంటే 16 జీబీ వైపే మొగ్గాలి. అప్పుడు పోటీ 9060 ఎక్స్‌టీకి, 5060 టీఐకి మధ్యే. మామూలు గేముల్లో వీటి తేడా కంటికి ఆనేంత పెద్దది కాదు. ధరలో తేడా మాత్రం విడుదలనాడే 80 డాలర్లు.

ఆ 80 డాలర్లు ఎప్పుడు పెట్టొచ్చు? ఎన్‌విడియాకు ‘కుడా’ అనే సాఫ్ట్‌వేర్ బలం ఉంది. 2007 నుంచీ పరిశోధకులు దాని మీదే పనిచేస్తున్నారు. మెషీన్ లెర్నింగ్, త్రీడీ యానిమేషన్ నిజంగా నేర్చుకుంటున్న విద్యార్థికి ఆ డబ్బు వృథా కాదు. ‘నిజంగా’ అన్న మాట ముఖ్యం. తొలి పాఠాలకు ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే గూగుల్ కొల్యాబ్ చాలు.

ఆదివారం పొద్దున కొడుకు స్క్రూడ్రైవర్‌తో క్యాబినెట్ విప్పాడు. టేపు పెట్టి ఖాళీ ఎంతుందో కొలిచాడు. కార్డు పడుతుంది. ఎస్ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో ఊరికే వచ్చింది. ‘80 ప్లస్’ గుర్తు లేదు. పక్కనున్న 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది మహా అయితే 360 వాట్లు. మానిటర్ 60 దగ్గరే ఆగిపోయే పాతది.

మొదటి షిఫ్టు వారం పోయి సెలవు దొరికిన నాన్న, టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

‘నిజం జెప్పు. సదువుకా, ఆటకా?’

కొడుకు కాసేపు ఎస్ఎంపీఎస్ వైరు సర్దుతూ ఉండిపోయాడు.

‘ఆటకే బాపూ. సదువుకు కాలేజీ ల్యాబ్ సాలు.’

‘గట్ల జెప్పు మరి!’

జాబితా మారింది. 5060 టీఐ పోయి 9060 ఎక్స్‌టీ వచ్చింది. మిగిలిన డబ్బులో మంచి ఎస్ఎంపీఎస్. మానిటర్ ఊసు వచ్చే దసరాకు వాయిదా. చిట్టీ బాకీ, హాస్టల్ ఫీజు జాబితాలో పైనే ఉన్నాయి.

నాన్న టీ తాగడం ముగించి లేస్తూ ఇంకో మాట అడిగాడు.

‘బంకరు ఎనిమిదా, పదహారా? పెట్టె మీద సూసి తీస్కో!’