పైపుకు ఫిర్కా ఏమిటి?

గల్ఫ్‌లో ఏదైనా ఆయిల్ జహాజ్ మీద డ్రోన్ పడితే చాలు, మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో బహస్ లేస్తుంది. ఒక భాయ్‌కి అది ఉమ్మత్ మీద హమ్లా. ఇంకో భాయ్‌కి షియా-సున్నీ ఝగడా. ఇరవై ఏళ్లుగా అఖ్బార్ పనిలో ఉన్న నాకు ఈ రెండు జవాబులూ మింగుడు పడవు. నక్షా ముందు పెట్టుకుని ఏ పైపు ఎటు పోయిందో, ఎవరు మూశారో చూడండి. రెండూ నిలబడవు.

మా ఉర్దూ మీడియం జుగ్రాఫియా పుస్తకంలో జలసంధిని ఆబ్నాయె అనేవారు. రెండు నేలల మధ్య ఇరుకు నీళ్లు. ఆబ్నాయె హుర్ముజ్ సన్నని చోట 33 కిలోమీటర్లే. అందులో టాంకర్లు వచ్చే దారి మూడు కిలోమీటర్లు, పోయే దారి మూడు. 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్లు ఇక్కడి నుంచి దాటాయి. దునియా మొత్తం వాడకంలో ఐదో వంతు. అంత ఇరుకు గొంతు మీద అందరికీ భయమే కాబట్టి నేల మీద పైపులు వేసుకున్నారు.

అసలు కహానీ అక్కడే ఉంది. 1980లో ఇరాన్‌తో జంగ్ మొదలయ్యాక గల్ఫ్ రేవులు ఇరాక్ చేతికి పనికిరాకుండా పోయాయి. మిగిలిన పెద్ద దారుల్లో ఒకటి కిర్కూక్ నుంచి సిరియా మీదుగా మధ్యధరా సముద్రానికి పోయే పైపు. 1982 ఏప్రిల్‌లో సిరియా దాన్ని మూసేసి ఇరాన్ పక్షాన నిలబడింది. రెండూ అరబ్ ముల్కులే. రెండు చోట్లా రాజ్యం చేస్తున్నది బాత్ పార్టీయే! అసద్ అలవీ కదా, అందుకే అంటారా? సరే, తర్వాత జరిగింది వినండి. సద్దాం సౌదీ ఎడారి మీదుగా ఎర్ర సముద్రానికి ఇంకో పైపు వేయించాడు. 1990 ఆగస్టులో ఆయన కువైట్ మీద పడగానే సౌదీ ఆ పైపును ఆపేసింది. 2001లో ఏకంగా జప్తు చేసుకుంది. ఇక్కడ సున్నీ ఎవరు, షియా ఎవరు? హుకూమత్‌లు తమ గద్దెను చూసుకున్నాయి, అంతే.

హుర్ముజ్‌ను తప్పించుకునే పైపులు ఇప్పుడు ముఖ్యంగా రెండు. సౌదీది తూర్పు నుంచి ఎర్ర సముద్రం ఒడ్డున యాన్బు దాకా, దాదాపు 1,200 కిలోమీటర్లు. ఎమిరేట్స్‌ది హబ్షాన్ నుంచి ఫుజైరా దాకా, 2012లో మొదలైంది. ఖర్చు పెట్టారు కదా, ఖతరా పోయిందా? 2019 మే 12న ఫుజైరా దగ్గర నాలుగు జహాజ్‌ల మీద హమ్లా జరిగింది. రెండు రోజులకే సౌదీ పైపు మీది రెండు పంపింగ్ స్టేషన్ల మీద డ్రోన్లు పడ్డాయి. పైగా యాన్బులో నింపిన టాంకర్ మన వైపు రావాలంటే యెమెన్ పక్కనున్న బాబుల్ మందబ్ దాటాలి. ఒక ఆబ్నాయె నుంచి తప్పించుకుని ఇంకో ఆబ్నాయెలో పడటమన్నమాట. ఖతర్, కువైట్‌లకైతే అలాంటి పైపు కూడా లేదు.

ఇదంతా చెబితే అమెరికాను మాఫ్ చేస్తున్నానని అనుకోకండి. 1988 జూలై 3న బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ పోతున్న ఇరాన్ విమానాన్ని అమెరికా యుద్ధనౌక కూల్చింది. 290 మంది పోయారు, అందులో పది మంది హిందుస్తానీలు. ఇరాన్ నుంచి పాకిస్తాన్ మీదుగా మన దేశానికి రావాల్సిన గ్యాస్ పైపును అమన్ పైపులైన్ అని పిలిచేవారు. 2008లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరింది, ఆ తర్వాత మనం పక్కకు తప్పుకున్నాం. ధర గురించి, భద్రత గురించి బహానాలు చాలా చెప్పారు. పాకిస్తాన్ తన వంతు పైపు వేయకుండా ఆగడానికి పెద్ద కారణం అమెరికా పాబందీలు. పైపు పక్క ముల్కుదే, మూత మీద చెయ్యి మాత్రం ఎక్కడో.

ఈ సియాసత్‌కు బిల్లు కట్టేది ఎవరు? దేశంలో వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, అందులో ఎక్కువ భాగం గల్ఫ్‌దే. టాంకర్ బీమా పెరిగితే ఆ భారం మన అమ్మీల వంటింటి దాకా వస్తుంది. అంతకన్నా ముందు కట్టేది జహాజ్ మీది కుర్రాళ్లు. 2019 జూలైలో బ్రిటన్ జెండా ఉన్న స్టెనా ఇంపెరోను ఇరాన్ పట్టుకుంది. అందులోని 23 మందిలో 18 మంది మనవాళ్లు. బ్రిటన్, ఇరాన్ తగాదాలో వాళ్ల కసూర్ ఏమిటి? ఉమ్మత్ కోసం కన్నీళ్లు పెట్టిన మన గ్రూపుల్లో ఆ 18 మంది కోసం దుఆ అడిగిన మెసేజ్ నాకు ఒక్కటీ కనబడలేదు.

మీ ఇంటి నుంచి ఎవరైనా మర్చంట్ నేవీకి పోతుంటే, ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో ముందు చూడండి. అంతర్జాతీయ నావికుల యూనియన్ ఒప్పందాల్లో, జంగ్ ఇలాఖాగా ప్రకటించిన నీళ్లలోకి రానని చెప్పే హక్, కంపెనీ ఖర్చుతో ఇంటికి తిరిగొచ్చే హక్ ఉన్నాయి. కుర్రాడు దస్తఖత్ చేసే కాగితంలో ఆ మాట ఉందా అని అడగండి. లేదంటే ఎందుకు లేదని అడగండి.