ట్రాలీకి అడిగిన ప్రశ్నలు తుపాకికి ఎందుకు అడగరు?

జర పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

నిన్న ఒక తమ్ముడు టెక్సాస్‌ల పందుల వేట వీడియో పంపి "మనకు గూడ ఇసొంటి రైఫిల్ ఉండాలె కాకా" అన్నడు. మా మేనల్లుడు అక్కడే ఉంటడు. భూమి యజమాని ఒప్పుకుంటే అక్కడ అడవిపందిని కొట్టనీకి 2019 నుంచి వేట లైసెన్సు కూడ అక్కర్లేదు. వాడు చేయించుకున్నది సెమీ కస్టమ్ రైఫిల్. అంటే రెడీమేడ్ యాక్షన్ తీసుకొని, మంచి బ్యారెల్ బిగించి, కట్టెను మన భుజం కొలతకు సరిచేస్తరు. బ్యారెల్ ఎవరిది? ఛాంబర్ గేజు పెట్టి చూసినవా? నూరు గజాల్ల ఐదు గుండ్లు ఎంత వెడల్పుల పడ్డయి, ఆ అట్ట చూపియ్యి. రేపు చెడితే ఎవరు చూస్తరు? ఇవన్నీ అడిగినాకనే పైసలు కట్టిండు.

మరి మనం? ట్రాలీ చేయిస్తే ఛానల్ మందం కాడికెళ్లి టైర్ల దాక బేరమాడుతం. నాటు తుపాకి కాడ మాత్రం నోరు లేవదు! నీళ్ల పైపు నీళ్లకు చేసింది, మందు పేలుడుకు కాదు. అతుకు కాడ విచ్చుకుంటది. మా పక్కూర్ల ఒకాయనకు రెండు వేళ్లు పోయినయి, దవాఖానల పటాకి పేలిందని చెప్పిండు. లైసెన్సు లేని తుపాకి దొరికితే 2 నుంచి 5 ఏండ్ల జైలు. చేసినోనికి 7 ఏండ్ల నుంచి యావజ్జీవం దాక పడొచ్చు.

"అయితే పందులకు మక్కచేను అప్పజెప్పాల్నా?" అంటరు. ఆ కోపం నాకూ ఉన్నది. కానీ 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌ల పంట రక్షణ అనే మాటే రాసి ఉన్నది. మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు అడగొచ్చు. అది చాలదని అధికారికి అనిపిస్తే వేరే నున్నగొట్టం తుపాకికి ఇయ్యొచ్చు. ఇది ఎంతమంది అడిగినం? నా ఫైలు ఏడాది నుంచి బల్లల మీద తిరుగుతున్నది, సరే. ఒక్కడు అడిగితే తిరుగుతది, ఊరంత అడిగితే ఎన్ని రోజులు తిప్పుతరు?

లైసెన్సు వచ్చినా కొనేటప్పుడు ప్రూఫ్ ముద్ర చూడండి. 12 బోరైతే ఛాంబర్ రెండున్నర అంగుళాలదా, రెండుముప్పావుదా అడగండి. పొట్టి ఛాంబర్ల పొడుగు తూటా పెట్టొద్దు. చేతిల లైసెన్సు ఉన్నా పందిని కొట్టనీకి అటవీశాఖ అనుమతి వేరే కావాలె.

ఇగ రైఫిల్ ముచ్చట ఇడిసిపెట్టు తమ్మీ. దాని గుండు కిలోమీటరు దాటి పోతది. మన చేన్లల్ల ప్రతి మంచె మీద ఒక మనిషి పండుకొని ఉంటడు.

దరఖాస్తు నమూనా నా కాడ ఉన్నది. అడిగినోళ్లకు పంపుత.